పుచ్చుకోవడం చేతకాని మనుషులు

మా చిన్నప్పుడు... మా అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మల్కాపురం నుంచి గోపాలపట్నం నడిచి వెళ్లేది. అక్కడ పైడమ్మత్త అని రైతు ఇల్లాలు. అమ్మ చేపలు పోసేది, అత్త బియ్యం పోసేది. తూకం లేదు, బేరం లేదు. కులాలు వేరైనా ఒకరినొకరు ఒదినా అనే పిలుచుకునేవారు.

దాన్నే ఇచ్చిపుచ్చుకోవడం అనేవాళ్లం. ఇప్పుడు షేరింగ్ అంటున్నారుగా... ఫోను మీద వేలు నొక్కేసి! థూ.

ఒక ఏడాది తుపానుకి మా నాన్న తెప్ప ముక్కలైపోయింది. చేపల్లేవు. ఖాళీ గంపతో వెళ్లడానికి అమ్మకి మొహం చెల్లలేదు. ఇంట్లో గింజ లేదు, మేం పిల్లలం నీళ్లు తాగి పడుకుంటున్నాం...

ఓ పొద్దున్న పైడమ్మత్తే బియ్యం మూటతో మా గుమ్మంలో దిగింది.

"సేపల్లేవు ఒదినా. ఎల్లిపో" అంది అమ్మ.

"నిన్ను సేపలడిగానేటి? పట్టు, మెడ ఇరిగిపోతంది."

"ఉట్టినే పుచ్చుకుంటే ముష్టంతారు."

అత్తకి ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ నీ సేపలు తిన్నాను, నాను ముష్టిదాన్నేటే? ఇయ్యాల నువ్వు పుచ్చుకోకపోతే ఇంక మా గుమ్మం తొక్కకు!"

అమ్మ మూట దింపుకుంది. పొయ్యి వెలిగించింది. అన్నం ఉడికాక మొదటి ముద్ద మాకు కాదు... అత్త ముందే ఆకు వేసింది.

"నా బియ్యం నాకే పెడతన్నావేటే?" అని పకపకా నవ్వింది అత్త.

"పుచ్చుకున్నాక నావే. తిను."

తిన్నది. అదీ మనుషులంటే.

మొన్న మా అపార్టుమెంటులో కోనాం చేప పులుసు చేసి ఎదురింటికి గిన్నెడు ఇచ్చాను. అరగంట కాలేదు, ఆ ఇంటాయన స్వీట్ల డబ్బా పట్టుకొచ్చాడు. "ఎవరికీ రుణపడి ఉండడం మాకు అలవాటు లేదండీ" అట!

"ఏటి బాబూ, నానేటి పులుసు అమ్ముకోడానికొచ్చాననుకున్నావా?" అన్నాను. పళ్లికిలించాడు. ఆ మనిషికి సిగ్గూ లేదు, అర్థమూ కాలేదు. పుట్టినరోజుకి వెళితే గుమ్మంలోనే రిటర్న్ గిఫ్ట్ చేతిలో పెట్టి లెక్క తెంపేసుకునే జాతి. ఇంకోసారి తలుపు కొట్టే పనే ఉంచరు.

అమ్మ లేదు... అత్తా లేదు. పులుసు మాత్రం నేను ఇప్పటికీ నలుగురికి సరిపడా వండేస్తాను, చెయ్యి అలవాటు. ఎవరి తలుపు కొట్టాలో తెలీదు.

మీ వీధిలో ఊరికే పుచ్చుకోగలిగే మనిషి ఒక్కరైనా మిగిలారా? ఉంటే చెప్పండి... చూసిపోతాను.