మనది కాని యుద్ధం

పెద్దబాపు పోయాడన్న కబురు బోధన్ నుంచి పొద్దటి బస్సులో వచ్చింది. తెచ్చినవాడు వాళ్ళ పక్కింటి అబ్బాయి. నిజామాబాదులో నేను పాఠం చెప్పే బడికి వచ్చి, పిల్లల ముందు చెప్పలేక నన్ను వరండాలోకి పిలిచాడు.

"పెద్దబాపు పోయిండు అక్కా. తెల్లారంగ లేసి, మొఖం కడుక్కొని, మంచం మీద కూసున్నడు. గట్లనే ఒరిగిండు" అన్నాడు.

చేతిలో సుద్దముక్క ఉన్న సంగతి కూడా తెలియకుండా బస్సెక్కాను.

ఆయన మా నాన్నకు అన్న. మాది ఎడపల్లి. చదువు కోసం నన్ను బోధన్‌లో ఆయన ఇంట్లో ఉంచారు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఒక చిన్న దవాఖానలో గాయాలు కడిగి కట్లు కట్టే పని ఆయనది. చెరుకు నరికేటప్పుడు కత్తి జారినవాళ్ళు, బండి చక్రం కింద కాలు పడ్డవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవారు. కట్టు విప్పే ముందు చేతులు రెండూ రాసి వెచ్చ చేసుకునేవాడు. "సల్లటి చెయ్యి తాకితే పానం జల్లుమంటది" అనేవాడు. కట్టు కడుతూ వాళ్ళ ఎడ్ల గురించీ పిల్లల గురించీ అడిగేవాడు. జవాబు చెప్పడంలో పడి వాళ్ళు కాసేపు నొప్పి మరిచేవారు.

దవాఖానకు రాకముందు ఆయన మిలిటరీలో ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకే కొరియాలో యుద్ధం మొదలైతే, మన దేశం అక్కడికి విమానాల్లోంచి పారాచూట్లతో దిగి గాయపడ్డవాళ్ళకు వైద్యం చేసే దళాన్ని పంపింది. అందులో స్ట్రెచర్లు మోసే పని పెద్దబాపుది. మా వైపు ఎవరికీ ఆ యుద్ధం సంగతే తెలియదు. పెద్దమ్మకు కూడా సగమే నమ్మకం అన్నట్టు ఉండేది. "విమానంలకెళ్ళి దునికిండట! ఇంట్ల నిచ్చెన ఎక్కుమంటే కాళ్ళు వణుకుతయ్" అని నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

చలికాలం వచ్చిందంటే మాత్రం వాళ్ళిద్దరికీ కొట్లాటే. పెద్దబాపు స్వెట్టరు వేసుకోడు, శాలువా కప్పుకోడు. మంచు కమ్మిన పొద్దుల్లో కూడా పలచటి అంగీతోనే సైకిలెక్కేవాడు. పెద్దమ్మ కొన్న స్వెట్టరు ఆ వారమే ఏ కూలిమనిషి ఒంటి మీదో కనిపించేది.

"నీకు సలి వెట్టదా?" అని అరిచేది ఆమె.

"పెడ్తది. పెట్టనియ్యి" అనేవాడు.

ఆ మాట వెనక ఏముందో నాకప్పుడు తెలియదు.

చైనాతో యుద్ధం ముగిసిన కొత్తలో మాజీ సైనికులకు దండలు వేస్తారని ఊళ్ళో ఒక సభ పెట్టారు. ఆయన రానంటే నేనే బలవంతాన తీసుకుపోయాను. వేదిక దగ్గర ఒక పెద్దమనిషి అడిగాడు.

"ఏ లడాయిల ఉంటివి?"

"కొరియా."

"గదేడుంది?"

"చైనా అవుతల, సారూ."

ఆ పెద్దమనిషి కాస్త ఆలోచించి, "గది మన లడాయి కాదు గదనే" అన్నాడు. హేళనగా కాదు, మామూలుగానే అన్నాడు. పెద్దబాపు సరేనని తలూపి వచ్చి, వెనక జంపఖానా మీద కూర్చున్నాడు. దండ పడ్డ ప్రతి మనిషికీ గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంటికి వచ్చే దారిలో నేను కోపంతో ఏడుస్తుంటే అన్నాడు:

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? ఆయన ఉన్నదే అన్నడు. మన లడాయి కాదాయె. గందుకే ఆడ సచ్చినోళ్ళ కోసం ఈడ ఏడ్సెటోళ్ళు లేరు."

ఆ తర్వాత ఒక చెరుకు కోతల కాలంలో, మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు మా ఇంటి అవతలి చేలల్లో చెరుకాకు గుడిసెలు వేసుకున్నారు. ఒకతని కాలికి కట్టు మార్చడానికి పొద్దున్నే వెళ్తూ పెద్దబాపు నన్నూ రమ్మన్నాడు. మేము చేరేసరికి ఒక తల్లి ఎదురు పరిగెత్తుకొచ్చింది. "భావూ, లేకరూ..." అంది. అన్నా, పసిబిడ్డ, అని. చేతుల్లో నెలల పిల్ల. పెదవులు నీలం తిరిగాయి. ఏడుపు లేదు.

పెద్దబాపు అంగీ గుండీలు తెంపినంత పని చేసి, ఆ పిల్లను తన ఒట్టి రొమ్ముకు హత్తుకున్నాడు. "నీ శాలువ కప్పు బిడ్డా, గట్టిగ" అన్నాడు నాతో. మంట దగ్గర కూర్చుని, ఆ పిల్ల వీపు రుద్దుతూ, "లే తల్లీ, లే, నా తల్లి గదా" అంటూనే ఉన్నాడు. ఎంతసేపటికో లోపల పిల్లికూనలా చిన్న మూలుగు, ఆ తర్వాత ఏడుపు వినిపించాయి. తల్లి అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఇద్దరినీ బండిలో దవాఖానకు చేర్చాం. పిల్ల బతికింది.

ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికి వచ్చేసరికి పెద్దబాపు పెరట్లో గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

"ఇది బతికింది బిడ్డా" అన్నాడు. "మరి గది?"

ఏదని అడిగాను. అప్పుడు చెప్పాడు.

"కొరియాల మేం ఎనకకు తిరిగి వస్తున్నం. రోడ్డంత మంచు. మా లారీ నిండ దెబ్బలు తాకిన సిపాయిలు. రోడ్డు పొడుగూత జనం, ముసలోళ్ళు, పిల్లలు, నెత్తి మీద మూటలు. ఒక తల్లి లారీ ఎంబడి ఉరికొచ్చి బిడ్డను నా చేతులల్ల పెట్టింది. నేను కోటు లోపల పెట్టుకున్న. మా ఆఫీసరు సూసిండు. ఒక్కర్ని ఎక్కించుకుంటే అందరు మీద పడ్తరు, పండుకున్నోళ్ళు నలిగి సస్తరు, దించుమన్నడు. ఆయన కండ్లల్ల గూడ నీళ్ళే. దిగి, ఆ బిడ్డను తల్లికి ఇచ్చేసిన."

అంగీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"తిట్టినా బాగుండు. ఆమె తిట్టలే. గా కొంచెం సేపు ఎచ్చగ పెట్టుకున్ననని వంగి దండం పెట్టింది బిడ్డా. నా పెయ్యి మీద కోటున్నది. గా కోటన్న ఇయ్యలే. నాకు సలి వెడుతుండె."

ఆయన పక్కన కూర్చున్నాను, అంతే. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో ఆయన ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ సంగతి నాకు ఒక్కదానికే తెలుసనుకుని ఇన్నేళ్ళూ మోశాను. పెద్దమ్మ ముందు ఎప్పుడూ ఎత్తలేదు.

నేను బోధన్‌లో దిగేసరికి ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు. మధ్యాహ్నం ఊరి బయటి మా క్రైస్తవుల శ్మశానానికి తీసుకుపోయాం. పాస్టరుగారు ఆయన మంచితనం గురించి, దవాఖాన గురించి చెప్పారు. ఇక మట్టి వేయబోతుండగా పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అయ్యగారూ, కొరియాల సచ్చిపోయినోళ్ళ కోసం గూడ ఒక్క మాట అనున్రి."

పాస్టరుగారికి అర్థం కాలేదు. "ఎక్కడమ్మా?" అన్నారు.

"కొరియా. ఈయన పోయిన దేశం. సిపాయిల కోసం, రోడ్ల మీద నడిసినోళ్ళ కోసం. ఆ తల్లి కోసం, ఆ బిడ్డ కోసం."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకు చెప్పిండు. లగ్గమైన కొత్తలనే చెప్పిండు" అంది మెల్లగా.

ఏ తల్లి, ఏ బిడ్డ అని పాస్టరుగారు అడగలేదు. కొరియాలో చనిపోయినవాళ్ళందరినీ, పేర్లు తెలియని తల్లీబిడ్డలనూ తలచి ప్రార్థన చేశారు. ఆ దేశం పేరు ఆయన నోట కొత్తగా, తడబడుతూ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు.

కళ్ళు తెరిచి చూస్తే, శ్మశానం పక్క రోడ్డు మీద చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. బండ్లవాళ్ళు తలరుమాళ్ళు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వెనక బండి ఎద్దొకటి మెడ చాచి ముందు బండిలోని చెరుకాకును లాగి నములుతోంది. మట్టి వేయడం అయిపోయింది. పెద్దమ్మ ఆ మట్టి పక్కనే కూర్చుండిపోయింది. బండ్లు కదల్లేదు. పెద్దమ్మ లేచాక పోదామని వాళ్ళు నిలబడ్డారు. ఆమె ఎంతకీ లేవలేదు.