జానెడు తిప్పిన డిష్

నా చిన్నప్పుడు మేము రియాద్‌లోని మలాజ్‌లో ఒక పాత ఇంటి పైఅంతస్తులో ఉండేవాళ్ళం. యజమాని ఆ అంతస్తుకు నడుమ ప్లైవుడ్ గోడ పెట్టించి, ఒక వాటా మాకు, రెండోది పాకిస్తానీ చాచా దంపతులకు ఇచ్చాడు. గదులు పంచాడు, వంటిళ్ళు పంచాడు. పైన బట్టలారేసుకుని, టీవీ డిష్‌లు పెట్టుకునే మేడ ఎవరిదో మాత్రం చెప్పలేదు. మేము ఇంట్లో తెలుగే మాట్లాడే కడప జిల్లా ముస్లింలం. మా నాన్న ఏసీ మెకానిక్. చాచా ఆ ఇంటి యజమానికే డ్రైవరు. అంటే ఇల్లిచ్చినవాడే ఆయనకు కఫీల్. ఆయన అక్కడ ఉండాలన్నా పోవాలన్నా అంతా ఆ కఫీల్ చేతిలోనే ఉండేది.

మా బంధువులందరికీ ఆ చాచా గురించి తెలిసింది ఒకటే కథ. పక్కింటి పాకిస్తానీ మా టీవీ వైరు కోసేశాడు, కఫీల్ అతణ్ణి దేశానికి పంపించేశాడు. నాన్న ఆ కథను ఎన్నో పెళ్ళిభోజనాల్లో చెప్పాడు. నేనూ చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కథకు మొదలే లేదు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఒక సాయంత్రం మేడ మీద అటూ ఇటూ నడుస్తూ కాశ్మీర్ యుద్ధం పాఠం బట్టీ పడుతున్నాను. తీగ మీది బట్టలు తీస్తున్న చాచా విని నవ్వాడు.

“క్యా మాస్టర్‌సాబ్, మీ పుస్తకంలో లడాయి ఏ రోజు మొదలైంది?” అని ఉర్దూలో అడిగాడు.

సరిహద్దు కొండల నుంచి తెగలవాళ్ళు వచ్చి పడిన రోజున అన్నాను.

“మా పుస్తకంలో మీ సైన్యం విమానాల్లో శ్రీనగర్‌లో దిగిన రోజున మొదలైంది. రెండు పుస్తకాలూ నిజమే రాశాయి, బేటా.”

ఆయన పుట్టింది కాశ్మీర్‌లో పూంచ్ దగ్గర ఒక పల్లెలో. ఆ లడాయి నాటికి ఆయనకు ఆరేళ్ళు. రెండు దేశాలు పుట్టి అప్పటికి కొన్ని వారాలేనట. నడుమనున్న రాజు ఎటు కలవాలో తేల్చకుండా కూర్చున్నాడట. రేపు పక్క ఊరివాళ్ళు మన మీదికి వస్తారట అన్న మాట ఊళ్ళోకి వచ్చింది. వాళ్ళు రాకముందే మనమే వెళ్దామని కొందరు లేచారు. పక్క ఊళ్ళోనూ అదే మాట తిరిగింది, అక్కడా కొందరు లేచారు. ఎవరి ఇల్లు ముందు కాలిందని అడిగాను. ఆయన చేతిలోని కమీజును మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

“మా ఇల్లు కాలిన రోజు నుంచే నాకు గుర్తుంది. అంతకు ముందురోజు మావాళ్ళు ఏం చేశారో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.”

ఆ పల్లె ఇప్పుడు మన వైపే ఉంది. ఆయన రావల్పిండిలో అద్దె ఇళ్ళలో పెరిగి, సౌదీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ మాటలు నాకు ఆ రోజు బాగానే అర్థమయ్యాయి. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

కొన్నాళ్ళకు ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ వచ్చింది. చాచాతో మాట్లాడతానని బడిలో నన్ను ‘పాకిస్తానీ చంచా’, అంటే వాళ్ళ తొత్తు, అని ఏడిపిస్తున్నారు. ఆ మధ్యాహ్నం నేను మేడెక్కి, చాచా డిష్‌ను ఒక జానెడు పక్కకు తిప్పి దిగి వచ్చాను. మ్యాచ్ చూడడానికి ఆయన తోటి డ్రైవర్లను పిలుచుకున్నాడు. బొమ్మ పోయి వాళ్ళు మొత్తుకోవడం ప్లైవుడ్ గోడలోంచి వినబడుతుంటే దిండులో మొహం పెట్టుకుని నవ్వాను.

మర్నాడు మా డిష్ వైరు రెండు ముక్కలై ఉంది. “చూసినావా రా వాళ్ళ బుద్ధి? మనమేం జేసినాం వాళ్ళకు?” అన్నాడు నాన్న. నాన్న వెళ్ళి యజమానికి చెప్పాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక యజమాని అందర్నీ మేడ మీదికి పిలిచాడు. కోసింది తానేనని చాచా దాచకుండా ఒప్పుకున్నాడు. “లేకిన్ పహలే ఇన్హోంనే మేరా డిష్ ఘుమాయా,” అన్నాడు, మా నాన్న వైపు చూపిస్తూ. ముందు నా డిష్ తిప్పింది వీళ్ళే అని.

“వల్లాహి, నేను ముట్టుకోలేదు,” అని నాన్న ఒట్టేశాడు. అది నిజం. ఒకే మసీదులో పక్కపక్కన నిలబడి నమాజు చేసేవాళ్ళు వాళ్ళిద్దరూ. ఆ ఒట్టు వినగానే చాచా మొహంలో కోపం పోయింది. నాన్న వెనకాల నిలబడ్డ నన్ను చూశాడు. ఆయనకు తెలిసిపోయింది. నేను చెబుతానేమోనని కాసేపు ఆగాడు. నేను చెప్పలేదు. ఆయనా నా పేరెత్తలేదు.

దొంగతనంగా వైరు కోసి, పైగా ఒట్టేసిన మనిషి మీద నింద వేశాడని యజమాని మండిపడ్డాడు. నెల తిరక్కుండా చాచా పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించి దేశానికి పంపించేశాడు. చాచీ ఏడుస్తూ అమ్మను పట్టుకుని, పాకిస్తాన్‌లో మాకు ఎవరున్నారని అడిగింది. ఆ తర్వాత మేడంతా మాదే అయింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడింది. చాచా కోసం తెలిసినవాళ్ళందర్నీ అడిగాను, జాడ దొరకలేదు. పోయిన ఏడాది ప్రొద్దుటూరులో నాన్న పక్కన కూర్చుని, డిష్ తిప్పింది నేనేనని ఉన్నదున్నట్టు చెప్పాను.

“అయినా, వైరు కోసింది ఆయప్పే గదరా?” అన్నాడు నాన్న.

ఆ వారమే ఇంటికొచ్చిన చుట్టాలకు పాత కథే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అడ్డుపడి చెప్పాను కూడా. వాళ్ళు నవ్వి, చిన్నపిల్లోడి చేష్టలే అన్నారు. మేడ మీద నా వైపు చూసి ఆగిన చాచా మొహాన్ని నేను ఇంకా మోస్తూనే ఉన్నాను. దాన్ని దించుకోనిచ్చే మనిషి ఈ భూమ్మీద ఎటువైపున్నాడో, అసలు ఉన్నాడో లేడో, నాకు తెలియదు.