బాయి కాళ్ళతో కొండ చర్చికి

కాసిపేట అవతల అడవిలో ఒక కొండ, దాని కొన మీద ఒక చిన్న చర్చి ఉన్నాయి. ఆ కొండకు మబ్బులు తగిలి చిరిగిపోతాయనీ, సగం దారిలో ఎలుగుబంట్లు ఎదురొస్తాయనీ గోదావరిఖని బస్టాండులో నా పక్కన కూర్చున్నాయనకు చెప్పాను. రేపు మీరు వెళ్ళి నన్ను తిట్టుకోకూడదు కాబట్టి మీకు మాత్రం నిజం చెప్తాను. మా కాలనీ వెనక ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టిదిబ్బ దానికంటే ఎత్తు. ఎలుగుబంటి లేదు. ఒక నల్ల మేక ఉంది. అది కూడా మమ్మల్ని చూసి మర్యాదగా పక్కకు తప్పుకుంది.

ఈ ప్రయాణానికి కారణం నా భార్య శాంతమ్మ. నిరుడు ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. దవాఖాన మంచం మీదే మొక్కుకుంది: మళ్ళీ నడవగలిగితే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ కొండెక్కి, చర్చిలో బలిపీఠం ముందు కొవ్వొత్తి వెలిగిస్తానని. మా చర్చి వాళ్ళు ఏటా ఎండలు ముదరకముందే అక్కడికి నడిచి వెళ్తారు. ఈసారి ఆమె బయలుదేరింది. ఆమె పడితే పట్టుకోవడానికని కాలనీ అంతా చాటి నేనూ బయలుదేరాను.

పొద్దున ఆరున్నరకు మంచిర్యాల బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు జీరో టికెట్టు. శాంతమ్మ కిటికీ పక్కన కూర్చుని, "నన్ను సర్కారే తీస్కపోతున్నది. నువ్వు పైసలిచ్చి వస్తున్నవ్. ఎవలు గొప్ప?" అంది. మా గుంపులో మగవాళ్ళందరం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పెన్షనర్లమే. రాజలింగు ఒక్కడే చర్చి మనిషి కాడు. బాయిలో నా జతగాడు, వరస కలుపుకున్న బావ.

"బావా, నేను దేవుని కోసం రాలే. చెల్లె వండిన కోడి పలావు కోసం వచ్చిన," అన్నాడు ముందే.

"దేవునికి గూడ ఎరుకే అన్నా, నీ కోసం ఇంకో గిన్నె తెచ్చిన," అంది శాంతమ్మ.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: మంచిర్యాల బస్టాండు దగ్గరే ఇడ్లీ తినేయండి. అక్కడి నుంచి ఆటోలో కొండ కింది ఊరు చేరాక ఒక్క చాయ్ కొట్టే ఉంది, అదీ యజమానికి బుద్ధి పుడితేనే తెరుస్తాడు.

తొమ్మిదింటికి ఎక్కడం మొదలుపెట్టాం. ఎండ పసుపు నీళ్ళలా పారుతోంది. ఆకులు రాలిన మోదుగలు నిండా ఎర్రగా పూశాయి. బాయి మనుషుల కాళ్ళకు అలవాటు వేరు. మాకు డ్యూటీకి పోవడమంటే దిగడం, ఇంటికి రావడమంటే ఎక్కడం. ఇక్కడ అంతా తలకిందులు. రెండో మలుపు దగ్గరే రాజలింగు, "పొద్దుగాల్నే షిఫ్టు అయిపోయినట్టున్నదేంది!" అని కూలబడ్డాడు. శాంతమ్మ ఆగలేదు. రాయి దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకునేది, మళ్ళీ కదిలేది. నేను చెయ్యి చాపితే కొంగు వెనక్కి లాక్కునేది. ఆమె వెనకే కాపలాగా నడిచానని రాయాలనుంది. వెనక నడిచిన మాట నిజమే. ముందు నడిచే దమ్ము లేక.

అందరం పైకి చేరాం. తెల్లగా సున్నం వేసిన చిన్న చర్చి, తలుపు తీసే ఉంది. శాంతమ్మ సంచిలోంచి కొవ్వొత్తి తీసింది. అంతలో రాజలింగు గడప దాటి, ఊతకు తెచ్చుకున్న పొడుగు వెదురుకర్రతో పైకప్పును పొడిచాడు.

బాయిలో అతని పని అదే. ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు నెత్తి మీది బండను కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టి బండ. దబ్బుమంటే విడిపోయిన బండ, ఎప్పుడైనా కూలుతుంది. చర్చి కప్పు దబ్బుమంది.

"బయటికి! ఎవలు లోపట్కి రావద్దు!" అని అరిచాడు. పెన్షనర్లమంతా ఒక్క గంతులో వెనక్కి దూకాం. అంత ఆయాసపడ్డ కాళ్ళకు అంత ఒడుపు ఎక్కడిదో!

శాంతమ్మ గడప మీదే నిలబడింది. బలిపీఠం ఎదురుగా కనబడుతోంది. "బయట్నే వెలిగియ్యి చెల్లె, దేవుడు ఏమనుకోడు," అన్నాడు రాజలింగు.

"నేను వాకిట్ల వెలిగిస్తనని మొక్కలేదన్నా," అని ఆమె లోపలికి నడిచింది.

ఆ దబ్బు చప్పుడు తర్వాత ఏం జరుగుతుందో బాయిలో నేను చూశాను. అయినా ఆమె వెనకే వెళ్ళాను. కప్పు కూలితే ఆపుతానన్నట్టు రెండు చేతులూ ఆమె నెత్తి మీద ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆమె అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. రెండోది అంటుకుంది. ఆమె కళ్ళు మూసుకుంది, నేను కప్పు వంకే చూస్తున్నాను.

వెనక నవ్వు వినబడింది. చర్చిని కనిపెట్టుకుని ఉండే ఎలీశమ్మ అవ్వ నీళ్ళ బిందెతో వచ్చింది. "ఏందయ్యా, పెండ్లానికే దీవెనలిస్తున్నవా? నువ్వు పాస్టరువా ఏంది?"

"కప్పు పడేటట్టున్నదవ్వా," అన్నాడు రాజలింగు బయటి నుంచే.

"పడుడేంది? అది టేకు చెక్క బిడ్డా, పైన సున్నమేసినం. చెక్క దబ్బుమనక గంట లెక్క మోగుతదా?"

శాంతమ్మ కళ్ళు తెరిచి, "బాయి నిండ కప్పు కింద చెక్క దిమ్మెలు నిలబెట్టినోనివి, చెక్క చప్పుడు తెల్వదా అన్నా?" అంది. రాజలింగు ఆ రోజు పలావు రెండోసారి అడగలేదు. ఆమే పెట్టింది.

నాలుగింటికి దిగడం మొదలుపెట్టాం. మీకొక రహస్యం. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు కష్టం. మొదటి మలుపులోనే నా మోకాళ్ళు గజగజలాడాయి. పక్కన రాయి పట్టుకుని పూలు చూస్తున్నట్టు నటించాను. శాంతమ్మ ఆగి, నా వంక చూసి, అందరికీ వినబడేలా అంది: "మొక్కు ఎక్కుడుకేనయ్యా, దిగుడుకు లేదు. నా కాలు గుంజుతున్నది, జర చెయ్యియ్యి." నేను చెయ్యిచ్చాను. కింది దాకా ఆమె వదల్లేదు. బరువంతా ఎవరిదో మా ఇద్దరికే తెలుసు.

చీకటి పడేవేళ మంచిర్యాల నుంచి తిరుగు బస్సెక్కాం. వంతెన కింద గోదావరి నల్లగా ఉంది. పక్క సీటాయన ఎక్కడి నుంచని అడిగాడు. మబ్బుల దాకా ఎత్తున్న కొండ నుంచి, మోకాలి ఆపరేషనైన మా ఆమెను చెయ్యి పట్టుకుని దించుకొస్తున్నానని చెప్పాను. ఆయన నమ్మలేనట్టు శాంతమ్మ వంక చూశాడు.

"నిజమే," అంది శాంతమ్మ, తన జీరో టికెట్టు మడుస్తూ. "ఈయన చెయ్యి ఒక్క ఘడియ విడువలే."