ఎదురొచ్చేవాడి స్టూలు

"నేనొచ్చి చెప్తాను రత్నం, నువ్వు దిగులు పడకు" అన్నాను పదకొండేళ్ల కిందట.

వెళ్లలేదు.

నిన్న పొద్దున్న రత్నం కూతురు శారద ఫోన్ చేసింది. "మాస్టారూ, నాన్న లేరండీ" అంది. గుండెపోటట. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట.

నాకు మొదట గుర్తొచ్చింది అతని మొహం కాదు. నేను తప్పిన ఆ మాట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రత్నం ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రీషియన్. హెడ్‌లైట్లంటే రత్నమే. ముప్ఫై ఏళ్లకు పైగా అదే పని, అదే రేకుల షెడ్డు.

బల్బు గాజును ఎవరినీ వేలితో ముట్టుకోనిచ్చేవాడు కాదు. "చేతి జిడ్డు అంటితే అక్కడే వేడెక్కి పోద్దండి" అంటూ ఉతికిన గుడ్డముక్కతో పట్టుకునేవాడు.

బల్బు మార్చాక ఎవరైనా స్విచ్ వేసి, వెలిగితే పంపేస్తారు. రత్నం పంపడు. కారును గోడకు ఎదురుగా పెట్టి, గోడ మీది నీలం గీత దాటకుండా వెలుగు పడేదాకా స్క్రూ తిప్పుతాడు. తర్వాత కారును వెనక్కి తిప్పించి, దాని ముందు పాతికడుగుల దూరంలో ఒక చెక్క స్టూలు వేసుకుని, తనే కూర్చుని ఆ లైట్లలోకి చూస్తాడు.

మోపెడ్ మీద వచ్చేవాడి కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కొలిచి చేయించిన స్టూలు అది. దాని పేరు ఎదురొచ్చేవాడి స్టూలు.

తను చూశాక కారు ఓనర్ని కూర్చోబెడతాడు.

"మీ లైటు మీకు తెలీదండి. ఎదురొచ్చేవాడికే తెలుస్తది."

జీవితమంతా పుస్తకాలతోనే గడిపాను. ధర్మం గురించి ఇంత పొట్టి మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పదకొండేళ్ల కిందట మా ఆవిడ తమ్ముడు ప్రభాకర్ కొత్త కారు కొన్నాడు. లైట్లు చాలడం లేదంటే నేనే రత్నం దగ్గరికి తీసుకెళ్లాను. వంద వాట్ల బల్బులు వేయమన్నాడు.

"వెయ్యనండి. ఈ లైటుకి అరవయ్యే. వంద వేస్తే హోల్డరు కాలిపోద్ది. ఎదురొచ్చేవాడికి కళ్లు కనపడవు."

"రోడ్డు నాకు కనపడాలయ్యా. వాడి సంగతి నాకెందుకు?"

"ఒక్కసారి ఆ స్టూలు మీద కూచోండి. వంద వాట్లది వెలిగించి చూపిస్తా. చూశాక మీరే వద్దంటారు."

"నీ స్టూలూ నువ్వూ! నేను కారు నడిపేవాణ్ణి, ఎదురొచ్చేవాణ్ణి కాదు. పదండి బావగారూ, బెంజ్ సర్కిల్లో అడిగితే పావుగంటలో వేస్తారు."

ఎక్కడో వేయించుకున్నాడు.

నెల తిరక్కుండానే, ఉయ్యూరు దాటాక కాలువ గట్టు మీద, సందె వేళ, చేపల బుట్టతో మోపెడ్ మీద ఎదురొస్తున్న మనిషి ప్రభాకర్ కారు వెలుగుకు దారి కనపడక కాలువలోకి పోయాడు.

ప్రాణం దక్కింది. కుడికాలు దక్కలేదు.

ప్రభాకర్ అందరికీ ఒకటే మాట చెప్పాడు. "బల్బులు వేసింది రత్నం. నాకేం తెలుసు?"

ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారనగా రత్నం మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మీరు పక్కనే ఉన్నారు కదండీ మాస్టారూ. ఉన్నదున్నట్టు చెప్తే చాలు."

మాటిచ్చాను.

ఆదివారం జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు. బావమరిదితో గొడవెందుకని మా ఇంట్లో అన్నారు. ఆ తప్పు వాళ్ల మీదకు నెట్టను. సత్యం గురించి ఎవరెవరు ఏమన్నారో పేజీ నంబర్లతో సహా చెప్పగలను. చెప్పాల్సిన చోట మాత్రం దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఆ నింద రత్నం మీదే నిలిచిపోయింది. షెడ్డుకు కార్లు రావడం తగ్గింది. "కాలు తీసిన రత్నం" అని వెనకాల అనేవాళ్లు. కొందరు ఎదురుగానే అన్నారు. వాళ్లలో ఇద్దరు నిన్న ఇక్కడే, ఫేస్‌బుక్‌లో, "గొప్ప పనిమంతుడు" అని కామెంట్లు పెట్టారు. చదివాను. అన్నీ చదివాను.

ఏడాది తర్వాత నా కారు లైటు ఒకటి పోయింది. సిగ్గు చంపుకుని రత్నం దగ్గరికే వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రెండూ ఒకేసారి మార్చాలి మాస్టారూ. పాతదీ కొత్తదీ సమంగా వెలగవు" అన్నాడంతే. గుడ్డముక్క తీశాడు.

పనయ్యాక స్టూలు చూపించాడు. కూర్చున్నాను. లైట్ల వెనకనుంచి అతని గొంతు వినిపించింది.

"కళ్లల్లో కొడుతోందా మాస్టారూ?"

"లేదు రత్నం" అన్నాను.

అతని పని గురించి ఆ ఒక్కరోజే నిజం చెప్పాను. అది కూడా అతనొక్కడికే.

మిగతాది ఈరోజు చెబుతున్నాను. ఆ బల్బులు రత్నం వేయలేదు. వేయనన్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

మా ఆవిడ ఈ పోస్ట్ చూస్తుంది. తమ్ముణ్ణి నలుగురిలో పెడతారా అంటుంది. అననీ. రత్నాన్ని నలుగురిలో పెట్టినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

ప్రభాకర్ కూడా నిన్న పోస్ట్ పెట్టాడు. రత్నం ఫొటో, దండం బొమ్మ, "దీపం ఆరినా వెలుగు మిగిలింది" అని ఒక వాక్యం. ఎక్కడ కాపీ కొట్టాడో.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక షెడ్డుకు వెళ్లాను. గోడ మీద నీలం గీత వెలిసింది. స్టూలు అక్కడే ఉంది. శారదనడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

రత్నం, ఇక నీ కళ్లల్లో ఎవరి లైటూ కొట్టదు. హాయిగా నిద్రపో. నాది ఆలస్యమైన సాక్ష్యం. ఒప్పుకుంటే ఒప్పుకో, లేకపోతే లేదు.

స్టూలు మా వరండాలో వేశాను. నేను కూర్చున్నాను. కూర్చోవాల్సినవాడు ఇంకొకడున్నాడు.

ప్రభాకర్.