పన్నెండు ఇళ్ళ దాహం

ఆ ఫైర్ స్టేషన్లో నీళ్ళకు లోటు లేదు. ఇంజన్ ట్యాంకులో నాలుగున్నర వేల లీటర్లు, పెరట్లో పెద్ద తొట్టి, వరండాలో మూత పెట్టిన చల్లటి కుండ. ఇన్ని నీళ్ళ మధ్య ఉద్యోగం చేస్తూ కూడా కనబడ్డ గుమ్మం ముందల్లా ఆగి, "అమ్మా, కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అని అడిగే మనిషి ఒకే ఒక్కరున్నారు. ఆయన అక్కడ లీడింగ్ ఫైర్‌మన్. ముప్పై ఏళ్ళ సర్వీసు. అసలు పేరు హాజరు పట్టీకి తెలుసు గాని, మిగతా లోకానికంతటికీ ఆయన దాహం బాబాయే.

కొత్తగా వచ్చిన స్టేషన్ ఆఫీసరమ్మకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. ఆవిడ పద్ధతి గల మనిషి. తన మాట లేకుండా ఎవరూ మంటలోకి అడుగు పెట్టకూడదు, ఒంటరిగా ఎవరూ లోపలికి పోకూడదు, డ్రైవరు పంపు వదిలి కదలకూడదు. ఈ మూడూ సరిగ్గా జరిగితే తన స్టేషన్‌కు తిరుగులేదని ఆవిడ ధీమా. ఆ ధీమాకు అడ్డం పడింది బాబాయ్ దాహమే.

వారానికోసారి వీధి పంపులు తనిఖీ చేయడానికి ఇంజన్ బయలుదేరేది. ఒకసారి అది గంట ఆలస్యంగా తిరిగొచ్చింది.

"ఏమైంది?" అని డ్రైవర్ని నిలదీసిందావిడ.

"బాబాయ్ నీళ్ళు తాగడానికి ఆపమన్నారు మేడం."

"గ్లాసెడు నీళ్ళకి గంటా?"

"పన్నెండు ఇళ్ళు మేడం. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు ఆపమన్నారు."

"మళ్ళీ ఎందుకు?"

"తాగినవి ఊరికే ఉంటాయా మేడం?" అన్నాడు డ్రైవరు, మొహం గంభీరంగా పెట్టి. "విచిత్రమేంటంటే, స్టేషన్లో ఆయన ఆ కుండ మూత తియ్యగా నేనింతవరకూ చూళ్ళేదు."

నీళ్ళతో పోతే బాగానే ఉండేది. డివిజన్ ఆఫీసుకు మూడు ఫిర్యాదులు చేరాయి. మీ మనిషి నీళ్ళడిగి లోపలికొచ్చి, మా హాల్లో కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ నడిచాడని ఒకరు. మా బాత్రూం గడియను ఏడుసార్లు వేసి తీశాడని ఇంకొకరు. మూడోది రిటైరైన టైపిస్టమ్మగారిది. ఒక్క అచ్చుతప్పు లేకుండా టైపు చేసి, మూడు కాపీలు పంపింది. "సదరు వ్యక్తి నీళ్ళు త్రాగి, నా అనుమతి లేకుండా నా మంచమును కిటికీ ప్రక్క నుండి తలుపు ప్రక్కకు జరిపి పోయినాడు. వెన్నెల పోయినది. విచారించగలరు."

వాటికి డివిజన్ ఆఫీసు ఒక చీటీ జత చేసింది. ఈయన్ని ఇంజన్ మీద ఉంచాలా, చిరిగిన పైపులకు మాట్లేసే స్టోరుకు పంపాలా, శుక్రవారంలోగా తేల్చి రాయండి అని.

ఆవిడ బాబాయ్‌ని పిలిపించింది.

"మీకు షుగరుందా?"

"లేదు మేడం. మొన్నేగా అందరికీ పరీక్షలు చేయించారు."

"మరి ఇంత దాహమేంటి?"

"ఎండలు మేడం."

బయట వాన దంచి కొడుతోంది. ఇద్దరూ ఒకసారి కిటికీలోంచి చూశారు.

"మంచమెందుకు జరిపారు?"

"గాలి ఆడట్లేదనిపించింది మేడం."

"కిటికీ పక్కన గాలి ఆడదా?"

ఆఫీసరమ్మ చీటీ తిప్పి చూపించింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తలుపులోంచి ఇంజన్ వైపు చూశారు. ముప్పై ఏళ్ళుగా ఆయన కూర్చునే సీటు అక్కణ్ణుంచి కనబడుతుంది.

"రాయండి మేడం, మీకు తోచిందే రాయండి," అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "స్టోరులో కుండ ఉందా?" అనడిగారు.

ఆవిడకు ఒళ్ళు మండింది. స్టోరుకే పంపుతున్నానని అప్పటికప్పుడే సగం ఉత్తరం రాసేసింది.

గురువారం పదకొండున్నరకు గంట మోగింది. మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు నడవాలో కరెంటు మీటర్ల బోర్డు అంటుకుంది. ఇంజన్ వెళ్ళేసరికి నడవా అంతా నల్లటి పొగ. ఆవిడ కరెంటు తీయించింది, పైపులు పరిపించింది, కిందికి దిగినవాళ్ళను లెక్కపెట్టింది.

"పైన ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ," అంది పక్కింటావిడ. "చివరి వాటాలో టైపిస్టుగారుంటారు గాని, పొద్దున కొడుకుతో కారెక్కడం నేనే చూశాను."

"ఉన్నారు మేడం," అన్నారు బాబాయ్ మాస్కు బిగించుకుంటూ. "గురువారం ఆసుపత్రికెళ్ళి పదింటికల్లా వచ్చేస్తారు. చెవి మిషను తీసేసి పడుకుంటారు. గంట కొట్టినా, మనం అరిచినా వినబడదు. ఆర్డరివ్వండి మేడం."

"ఇంత పొగలో ఎలా వెతుకుతారు?"

"వెతకడమెందుకు మేడం? మెట్ల దగ్గర్నుంచి ఎడం చెయ్యి గోడ మీంచి తియ్యకుండా పద్నాలుగడుగులు, తలుపు. తలుపు తోస్తే చేతికి మంచం."

ఆవిడ ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసింది. "ఇద్దరు వెళ్ళండి," అంది.

గడియ విరిగిన చప్పుడు కిందికి వినబడింది. ఆవిడ గడియారం చూస్తూనే ఉంది. నాలుగు నిమిషాలు తిరక్కుండా బాబాయ్ మెట్లు దిగొచ్చారు, తడి దుప్పటిలో చుట్టిన టైపిస్టమ్మగారిని భుజాన వేసుకుని. ఆవిడ దగ్గుతూనే రెండు చేతులా ఆయన వీపు వాయిస్తోంది.

"నీళ్ళు కావాలంటే అడగాలి గాని, ఇలా మంచం మీంచి మనిషిని ఎత్తుకుపోతావురా?"

మంట ఆరి, పొగ పోయాక ఆఫీసరమ్మ ఒక్కతే పైకెళ్ళింది. కళ్ళు మూసుకుని, ఎడం చెయ్యి గోడకానించి నడిచింది. సరిగ్గా పద్నాలుగడుగులకు తలుపు, ఆ వెంటనే మంచం. గది ఆ చివర కిటికీ కింద, మంచం కోళ్ళు పడ్డ పాత గుర్తులు నాలుగు కనబడ్డాయి. మళ్ళీ కళ్ళు మూసుకుని అక్కడిదాకా వెళ్ళబోయింది. బీరువా తగిలింది, టైపు మిషను బల్ల మోకాలికి కొట్టుకుంది, చివరికి దారి తప్పి వంటింట్లో తేలింది.

మోకాలు రుద్దుకుంటూ కిందికొచ్చి బాబాయ్ ముందు నిలబడింది. "మిగతా పదకొండు ఇళ్ళలో ఎవరున్నారు?"

"ఒంటరి పెద్దవాళ్ళు మేడం. ఒకరికి కళ్ళు కనబడవు. ఒకాయన మంచం దిగలేడు. ఒకరింట్లో బాత్రూం గడియ పడితే బిగుసుకుపోతుంది."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"ఇళ్ళలోకి వెళ్ళమని ఆర్డరు లేదుగా మేడం. పైగా తనిఖీకొచ్చామంటే బెదిరిపోతారు. ఒంటరిగా ఉండే ముసలమ్మతో 'మీ ఇల్లు తగలబడితే' అని మాట ఎలా మొదలుపెడతాం? మంచినీళ్ళంటే నవ్వుతూ లోపలికి పిలుస్తారు. కాసేపు మాట్లాడతారు." ఆయన గొంతు తగ్గించారు. "నిజం చెప్పొద్దూ మేడం, నాకసలు నీళ్ళు పడవు."

ఆవిడకు నవ్వాగలేదు. గొప్ప సంతోషంగా కూడా ఉంది. సగం రాసిన ఉత్తరం చింపేసి, శుక్రవారం పొద్దున కొత్తది రాసింది. ఈయన ఇంజన్ మీదే ఉంటారు, ఇకమీదట ఆ పన్నెండు ఇళ్ళూ తిరగడం ఈ స్టేషన్ విధి అని.

డివిజన్ ఆఫీసు అనుమతి రావడానికి పది రోజులు పట్టింది. దాంతోపాటే టైపిస్టమ్మగారి రెండో ఫిర్యాదు వచ్చింది, మూడు కాపీలతో. "సదరు వ్యక్తి పది దినములుగా నీళ్ళు త్రాగుటకు రాలేదు. గ్లాసు కడిగి ఉంచితిని. విచారించగలరు."

విచారణకు ఆఫీసరమ్మ స్వయంగా బయలుదేరింది. బాబాయ్ వెనకాలే వచ్చారు. పన్నెండు ఇళ్ళలో మొదటి గుమ్మం దగ్గర ఆవిడ టోపీ సర్దుకుని గంట నొక్కింది. తలుపు తెరుచుకుంది.

"అమ్మా, కాస్త మంచినీళ్ళు ఇస్తారా?"

ముసలమ్మ సంబరంగా పెద్ద చెంబు కోసం లోపలికి వెళ్ళింది. బాబాయ్ ఆఫీసరమ్మ చెవి దగ్గరికి వంగారు.

"చిన్న గ్లాసు అడగండి మేడం. ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి."