కరెంటు కంబాలను వెనక్కి పంపినవాడు

గుమ్మం ముందుకొచ్చిన కరెంటును వద్దు పొమ్మన్న మొనగాడు మా చింతామణి తాలూకాలో ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే. మీరు నవ్వుకోండి, పరవాలేదు. మా నాన్న మాత్రం బతికున్నన్నాళ్ళూ నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఎస్సెల్సీలో సైన్సు రెండుసార్లు తప్పాను కాబట్టి, తప్పంతా సైన్సుదేనని తేల్చేశాను. పాత కారు డైనమో, ఒక చిన్న మోటారు సంపాదించి, రెంటినీ బెల్టులతో బండి చక్రానికి తగిలించాను. మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం డైనమోను తిప్పుతుంది, డైనమో మోటారుకు కరెంటిస్తుంది. ఇక అది ఆగాల్సిన అవసరమేముంది చెప్పండి?

ఆ రోజు నాన్న పట్టుగూళ్ళు అమ్మడానికి శిడ్లఘట్ట పోయాడు. నేను బడిలో సైన్సు చెప్పే వెంకటప్ప మేష్ట్రును పిలుచుకొచ్చి, బలంకొద్దీ చక్రాన్ని తోశాను. చక్రం గిర్రున తిరిగింది. డైనమోకు తగిలించిన బల్బు కూడా వెలిగింది.

"చూస్తిరా సార్, బొగ్గు లేదు, నీళ్ళు లేవు."

"అది నువ్వు తోసిన బలమప్పా. అయిపోతానే నిలబడిపోతాది."

"మీరు పుస్తకంలోది చెప్తాండారు. ఇది కండ్ల ముందర తిరగతాండాది."

"సరే, రవ్వంతసేపు చూద్దాం" అని మేష్ట్రు అరుగు మీద కూర్చున్నారు.

అంతలో లారీ వచ్చి ఆగింది. లైన్‌మేన్ దిగాడు.

"మీ బావికి కరెంటు కంబాలు తెచ్చినాం. యాడ దించేది?"

నేను చక్రవర్తిలా చక్రం వైపు చెయ్యి చూపించాను. "మాకొద్దప్పా. లేనోళ్ళకియ్యండి."

"మీ నాయన రెండేండ్లుగా ఆఫీసు చుట్టూ తిరగతాండాడే."

"నాయనకు నేను చెప్పుకుంటాలే."

"తొందరపడొద్దప్పా" అన్నారు మేష్ట్రు. అప్పటికే నేను లైన్‌మేన్ కాగితం మీద సంతకం గీకేశాను.

"అయితే బట్లహళ్ళిలో దించేస్తాం" అని అతను లారీ ఎక్కాడు.

లారీ మలుపు తిరిగిందో లేదో, బల్బు ఎర్రబడి ఆరిపోయింది. చక్రం ముసలి ఎద్దులా ఒకసారి వెనక్కి ఊగి నిలబడింది. నా గుండె కూడా ఇంచుమించు అదే పని చేసింది. లారీ వెనక పరుగెత్తాను. దుమ్ము తప్ప ఏమీ అందలేదు. ఆ దుమ్ములోనే బస్సు దిగుతూ మా నాన్న కనిపించాడు.

"మన కంబాలు యాడికి పోతాండాయిరా?"

నా వెనకే నడిచొచ్చిన మేష్ట్రు నింపాదిగా జవాబిచ్చారు.

"శక్తి పుట్టదు, చావదప్పా. ఒకచోటినుంచి ఇంకోచోటికి పోతాది, అంతే. ఇప్పుడు బట్లహళ్ళికి పోతాండాది."

కంబాలు మళ్ళీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. అంతవరకూ ఆ బావి దగ్గర ఎద్దుల వెనక కపిల తోలి నీళ్ళు తోడింది నేనే. ఆ ఎద్దుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: తిరిగే వస్తువు ఏదైనా సరే, అది పూర్తిగా నిలబడేదాకా వాదించను, సంతకం అసలే చేయను.