గోడలో కూర్చునే కిటికీ

మా ఆవిడ వనజది జమ్మలమడుగు. గండికోట గోడలెక్కి దిగుతూ పెరిగింది కాబట్టి, కోట బొమ్మ కనిపిస్తే చాలు, పొయ్యి మీద పాలు పొంగినా పట్టించుకునేది కాదు. ఒకరోజు సింగపూర్‌లోని మా ఇంట్లో, ఫ్రాన్సులోని ఏదో పల్లెటూరి కోట ఫొటో చూపించింది.

"కిటికీ దగ్గర గోడ మందంలోనే రెండు రాతి అరుగులంట. ఎదురెదురుగా కూర్చోవచ్చంట. మన ఫ్లాట్లో కిటికీ కాడ కుర్చీ ఏస్తే బీరువా తెరుచుకోదు," అని నవ్వింది.

వెళ్దామనుకున్న ఏడాదే తనకు జబ్బు చేసింది. ఆ తర్వాత వనజ లేదు. రెండేళ్లకు మా అమ్మాయి సింధు, "డాడీ, జస్ట్ గో లా," అంటూ నా ఒక్కడికే టికెట్ తీసింది.

పొద్దున్నే మా పేట బుకిట్ పంజాంగ్‌లో బయల్దేరి చాంగీలో విమానమెక్కితే సాయంత్రానికి పారిస్. రాత్రికి స్టేషన్ పక్క హోటల్. మరునాడు ఎనిమిదింటికి రైలు, పదకొండున్నరకు బస్సు. వెళ్లేవాళ్లకు ఒక మాట: ఆదివారం ఆ బస్సు లేదు, తిరుగు బస్సు ఐదింటికి ఒక్కటే. ఊళ్లో దొరికేది రొట్టె, చీజ్. నన్ను బతికించింది గోంగూర సీసా. బస్సులో పక్కాయన కాస్త రుచి చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపాడు.

కోటకు టికెట్ ఎనిమిది యూరోలు. టికెట్ ఇచ్చే పెద్దావిడే కోట కూడా చూపిస్తుంది. మొదట ఇది మట్టిదిబ్బ మీద కట్టిన కర్రకోటట. తర్వాత రాతితో కట్టి, చుట్టూ కందకం తవ్వి, మూలమూలకీ గుండ్రటి బురుజులు లేపారు. బాణాలు వదిలే కంతలు బయటికి సన్నగా, లోపలికి వెడల్పుగా ఉన్నాయి. యుద్ధాలు తగ్గాక ఒక దొర ధైర్యం చేసి, పై అంతస్తు గోడలు తొలిపించి పెద్ద కిటికీలు పెట్టించాడు. దొరలు పోయాక ఊరివాళ్లు రాళ్లు మోసుకెళ్లి పశువుల కొట్టాలు కట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేకపోయాను.

మెలికల మెట్లెక్కితే వనజ చెప్పిన కిటికీ. నిజంగానే రెండు అరుగులు. ఒకదాని మీద కూర్చుని, జేబులోని టిష్యూ పొట్లం తీసి ఎదుటి అరుగు మీద పెట్టాను. సింగపూర్‌లో తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్లలో కుర్చీని చోప్ చేయడం, అంటే ఆపిపెట్టుకోవడం, అలాగే. పొట్లం ఉందంటే ఆ కుర్చీ మన మనిషిది, ఇంకెవరూ కూర్చోరు. ఇన్నేళ్లూ వనజకు అలాగే పెట్టాను.

పెద్దావిడ ఆయాసపడుతూ పైకి వచ్చింది.

"ఎవరైనా వస్తున్నారా?"

"అవునండీ," అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆవిడ గోడకు ఆనుకుని, మోకాలు రుద్దుకుంటూ నిలబడింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. నాకే సిగ్గేసింది.

"మా ఆవిడకని పెట్టాను. తను రాదండీ. మీరు కూర్చోండి."

పొట్లం చేతిలోకి తీసుకున్నాక దాన్ని విప్పక తప్పలేదు. బాగా ఏడ్చాను. ఆవిడ కూర్చుని, నా వైపు చూడకుండా, బయట పొలాలు చూస్తూ, "వెలుతురు బాగుంటుందని ఆడవాళ్లు ఇక్కడే కుట్టుపని చేసుకునేవాళ్లు," అని మెల్లగా చెప్పుకుపోయింది. ఐదింటి బస్సుకు నన్ను తనే సాగనంపింది.

మూడోనాడు చాంగీలో దిగి, రైలు మారి, బుకిట్ పంజాంగ్‌లో ఎల్ఆర్‌టీ అనే చిన్న రైలు ఎక్కాను. కోట చూడాలన్న కోరిక తీరింది. కానీ ఇల్లు దగ్గరపడుతుంటే, బురుజుల గురించి ముందు చెప్పాలా, కిటికీ గురించా అని వరస పెట్టుకుంటున్నాను, ఇంట్లో వనజ ఉన్నట్టే. ఆ ధ్యాసలో మా స్టేషన్ దాటిపోయింది. ఆ రైలు మా పేట చుట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. వచ్చింది కూడా. నేను దిగలేదు. తనకు ఇంకా సగమే చెప్పాను.